అవ్వ కూడా చదవగల పుస్తకం

(రాజపాళయంలో ఒక బాలబడి ఉపాధ్యాయిని జ్ఞాపకార్థం చేసిన ధర్మనిధి ఉపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఈ సాయంత్రం కలుసుకున్నామో ఆవిడను ఈ వీధుల్లో అందరూ టీచరమ్మ అనే పిలిచేవారట. ఆవిడ గురించి పొగడ్తలు వద్దు, ఆవిడ చేసిన పనికి అక్కరకొచ్చే మాటలు నాలుగు చెప్పండి అని ఈ ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబం వారు కోరారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. బడికి ఇంకా వెళ్లని పిల్లలతో, ఇప్పుడిప్పుడే వెళ్తున్న పిల్లలతో కలిసి చదవడానికి ఎలాంటి బొమ్మల పుస్తకాలు ఎంచుకోవాలి? ఇదీ నాకిచ్చిన ప్రశ్న.

ఇదే ప్రశ్న విజయవాడలో అడిగితే జవాబు కొంత సులువు. అక్కడ ఇంట్లో మాట తెలుగు, పుస్తకంలో అక్షరం తెలుగు. తమిళనాడులోని రాజపాళయం సంగతి వేరు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా దక్షిణాదికి తరలివచ్చిన రాజుల కుటుంబాలు ఈ ఊళ్లో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాయి. బడి, పత్రిక, శుభలేఖ, కొట్టు పద్దు మాత్రం తమిళంలో నడుస్తాయి. నేనిప్పుడు మాట్లాడుతున్నది మీకు అర్థమవుతోంది. రేపు ఇదే ఉపన్యాసం తెలుగులో అచ్చువేసి మీ చేతికిస్తే మీలో చాలామంది చదవలేరు. ఇందులో తప్పు ఎవరిదీ లేదు. మూడు నాలుగు వందల ఏళ్లు అక్షరం అండ లేకుండా ఒక భాషను నోటితోనే నిలుపుకొచ్చిన ఇళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

అయితే ఇలాంటి ఇంట్లో పుస్తకం అడుగుపెట్టగానే ఒక చిక్కు వస్తుంది. తమిళ పుస్తకమో ఇంగ్లీషు పుస్తకమో తెరిస్తే బడికి వెళ్లొచ్చిన తల్లి చదువుతుంది, అవ్వ పక్కకు తప్పుకుంటుంది. పుస్తకం పెరిగినకొద్దీ ఇంటిమాట తరుగుతుంది. దీనికి ఒక్క బొమ్మల పుస్తకమే మినహాయింపు. దాన్ని ఏ భాషలో అచ్చువేసినా అవ్వ తన భాషలో చదవగలదు, మూడేళ్ల బిడ్డ తన భాషలో చదవగలదు. అందుకే ఈ ఊరికి నేను చెప్పే కొలత ఒక్కటే: ఇంట్లో ఎక్కువ మాట పుట్టించే పుస్తకం మంచి పుస్తకం. ధర, బహుమతులు, పేరున్న ప్రచురణకర్త, ఇవన్నీ తర్వాతి సంగతులు.

బొమ్మలున్న పుస్తకం, బొమ్మల పుస్తకం

ముందుగా ఒక తేడా గుర్తించాలి. మనలో పెద్దవాళ్లు చందమామ చదివి పెరిగారు, ఈ ఊళ్లో అయితే అంబులిమామ. నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మద్రాసు నుంచి ఆ పత్రికను తెలుగులోనూ తమిళంలోనూ మొదలుపెట్టారు. అంటే ఒకే బొమ్మ చుట్టూ రెండు భాషలు కూర్చోవడం మనకు కొత్తేమీ కాదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, ఎం.టి.వి. ఆచార్య గీతలు, శంకర్ వేసిన విక్రమార్కుడి భుజం మీది శవం ఎవరు మరచిపోతారు? అంతకు రెండేళ్ల ముందే, 1945లో, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి కలిసి ‘బాల’ పత్రిక పెట్టారు. బాపు పిల్లవాడిగా అందులోనే బొమ్మలు వేశారు. ఇదంతా గొప్ప ఆస్తి. కానీ చందమామలో కథను నడిపేవి అక్షరాలు, బొమ్మ దానికి అందం. బొమ్మ తీసేసినా కథ నిలుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు అది సరిపోతుంది. మూడేళ్ల పిల్లకు ఆ పేజీ నిండా చీమల బారులే కనిపిస్తాయి.

బొమ్మల పుస్తకంలో కథ సగం మాటలో, సగం బొమ్మలో ఉంటుంది. రెంటిలో ఏది తీసేసినా కథ కుంటుతుంది. ఇంగ్లండులో పాట్ హచిన్స్ 1968లో ‘రోజీస్ వాక్’ అని ఒక పుస్తకం వేసింది. ఒక కోడిపెట్ట షికారుకు బయల్దేరి, పెరడంతా తిరిగి, భోజనం వేళకు ఇల్లు చేరుతుంది. పుస్తకం మొత్తంలో ఉన్నవి ముప్ఫై రెండే మాటలు. ఆ మాటల్లో ఎక్కడా లేని సంగతి ఒకటి ప్రతి బొమ్మలోనూ ఉంటుంది. కోడి వెనకాలే ఒక నక్క వస్తోంది, దూకినప్పుడల్లా ఏదో ఒక గండంలో పడుతోంది. కోడికి ఇదేమీ తెలియదు. చదివే పెద్దవాళ్లు కూడా నక్క పేరెత్తరు. పిల్ల మాత్రం ఊరుకోలేదు, ‘నక్క! నక్క!’ అని అరుస్తుంది. పెద్దవాళ్లు చదువుతున్న పుస్తకంలో వాళ్లు చెప్పనిది తాను చెప్పగలిగానన్న గర్వం ఆ అరుపులో ఉంటుంది. చదువు మీద ప్రేమ అక్కడ మొదలవుతుంది.

అంత దూరం పోనక్కరలేదు. పక్కనే శ్రీవిల్లిపుత్తూరు. అక్కడి విష్ణుచిత్తుడి కథను, ఆయన కూతురు గోదాదేవి కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రాశాడు. తెలుగు సాహిత్యంలో తలమానికమైన కావ్యానికి కథాస్థలం మీ పొరుగూరు. ఆ కథలో బొమ్మల పుస్తకానికి కావలసిన కిటుకంతా ఉంది. అక్షరాల్లో చెప్పాల్సింది నాలుగు మాటలు: నాన్న పూలు కోశాడు, మాల కట్టాడు, బుట్టలో పెట్టాడు, గుడికి తీసుకెళ్లాడు. బొమ్మల్లో కనిపించేది ఇంకొకటి. నాన్న అటు తిరిగిన వేళ చిన్నారి గోద మాల మెడలో వేసుకుని, బావిలో నీళ్లలో తన నీడ చూసుకుని మురిసి, మళ్లీ బుట్టలో పెట్టేస్తుంది. నాన్నకు తెలియదు, పిల్లకు తెలుసు. ఈ ఊరి చిత్రకారులెవరైనా దీన్ని పుస్తకంగా వేస్తే నక్క కథకు ఏమాత్రం తీసిపోదు.

అమెరికాలో మారిస్ సెండాక్ 1963లో వేసిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ చూడండి. మాక్స్ అనే పిల్లవాడు అల్లరి చేసి, తిట్లు తిని, గదిలో బందీ అవుతాడు. మొదటి పేజీల్లో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్లటి ఖాళీ. వాడి ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పెరిగి పేజీ అంచులు దాటుతుంది. వాడు భూతాలతో కలిసి గంతులేసే చోట మూడు జంట పేజీలు ఒక్క అక్షరం లేకుండా బొమ్మతోనే నిండిపోతాయి. కోపం తీరి ఇల్లు చేరేసరికి వేడివేడి అన్నం ఎదురుచూస్తూ ఉంటుంది. అక్షరం ఎక్కడ ఆగాలో తెలిసిన రచయిత పని అది.

బొమ్మల పుస్తకానికి మూలపురుషుడిగా చెప్పే కొమేనియస్ 1658లో వేసిన ‘ఆర్బిస్ పిక్టస్’ కూడా రెండు భాషల పుస్తకమే. పైన బొమ్మ, కింద ఒక వరస లాటిన్, ఒక వరస జర్మన్. బడి భాషకూ ఇంటి భాషకూ మధ్య బొమ్మను మధ్యవర్తిగా నిలబెట్టాడాయన. రాజపాళయానికి ఇంతకంటే దగ్గరి పూర్వీకుడు దొరకడు.

మాట పుట్టే తీరు

పుస్తకం ఎంచుకోవడం గురించి చెప్పేముందు చదివే తీరు గురించి రెండు మాటలు చెప్పాలి. చదివే తీరు తెలియకపోతే ఎంపిక గాలిలో దీపం అవుతుంది. పెద్దవాళ్లు గబగబా చదివేసి, పిల్ల నోరు మూసుకుని వినడం చదువు కాదు. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ఒక అధ్యయనం ప్రచురించింది. రెండేళ్లు అటూ ఇటూ వయసున్న పిల్లల తల్లిదండ్రులకు వాళ్లు చెప్పిందేమిటంటే, అవును కాదు అని తేల్చేసే ప్రశ్నలు మానండి, ఇదేం చేస్తోంది, తర్వాత ఏమవుతుంది అని అడగండి, పిల్ల ఒక ముక్క చెబితే దాన్ని కాస్త పొడిగించి తిరిగి చెప్పండి. నెల తిరిగేసరికి ఆ ఇళ్ల పిల్లలు మామూలుగా చదివించుకున్న పిల్లల కంటే పొడుగు వాక్యాలు మాట్లాడారు.

ఇది చూసి మన అవ్వలు నవ్వుతారు. పిల్ల ‘కుక్క’ అంటే ‘అవునే, నల్ల కుక్క, తోక ఊపుతోంది, ఎవరి కోసమో?’ అనడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. కాబట్టి పుస్తకం చదవడానికి ఇంట్లో అందరికంటే తగినది అక్షరం రాదని వెనక్కి తగ్గే ఆ పెద్దావిడే. ఆవిడ చేతికి పుస్తకం ఇవ్వండి. పేజీలో అచ్చయింది తమిళమైనా ఇంగ్లీషైనా ఆవిడ తన తెలుగులో చెబుతుంది. మర్నాడు తల్లి అదే పుస్తకాన్ని తమిళంలో చదువుతుంది. పిల్లకు ఒకే కథ రెండు నోళ్లలో వినిపిస్తుంది. భాషలు కలిసిపోయి గందరగోళం అవుతుందేమోనని కొందరు భయపడతారు. ఈ ఊరి పిల్లలు వీధిలో ఒక మాట, గడప లోపల ఒక మాట మాట్లాడుతూ తరాలుగా పెరిగారు, ఎవరికీ గందరగోళం కాలేదు.

చేతిలోకి తీసుకుని చూడవలసినవి

ఇక కొట్లోనో గ్రంథాలయంలోనో ఒక పుస్తకం చేతికి తీసుకున్నారనుకోండి. ఏం చూడాలి?

మొదట అక్షరాల మీద అరచెయ్యి పెట్టి మూసి పేజీలు తిప్పండి. కథ ఎటు పోతోందో బొమ్మల్లోంచి తెలుస్తోందా? తెలిస్తే అవ్వకు ఆ పుస్తకం పనికొస్తుంది. తెలియకపోతే ఆ బొమ్మలు అలంకారం మాత్రమే. తర్వాత చెయ్యి తీసి అక్షరాలు చదవండి. బొమ్మలో ఉన్నదాన్నే మాట మళ్లీ చెబుతోందా? బొమ్మలో ఎర్ర బంతి, కింద ‘ఇది ఎర్ర బంతి’ అని ఉంటే పిల్లకు కనిపెట్టడానికి ఏమీ మిగలదు. ఏడాది బిడ్డకు అది చాలు. మూడేళ్ల పిల్లకు చాలదు.

రెండోది, పైకి చదవండి. పుస్తకాల కొట్లో సిగ్గుపడకుండా ఒక పేజీ గొంతెత్తి చదివితే నిజం బయటపడుతుంది. అనువాద పుస్తకాల్లో తరచు కనిపించే జబ్బు, ఎవరి నోటా రాని తెలుగు. ‘సంతోషముతో గంతులు వేయుచున్నది’ అని ఏ ఇంట్లో ఏ పిల్లా అనదు. వాక్యం చిన్నదై, లయ ఉండి, పిల్ల రెండోసారికే తోడు పలికేలా ఉండాలి. చెన్నైలోని తులికా ప్రచురణ, అశోక్ రాజగోపాలన్ రాసి బొమ్మలు వేసిన ‘గజపతి కులపతి’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఊరి ఏనుగుకు జలుబు చేస్తుంది, తుమ్ము వస్తుంది. ఆ తుమ్ము చప్పుడు పలకడానికి పిల్లలు వరసలో నిలబడతారు. ఆ చప్పుడుకు తెలుగూ లేదు, తమిళమూ లేదు.

మీకు ఒక స్వేచ్ఛ కూడా ఇస్తున్నాను. తెలుగు పుస్తకం చదివేవాళ్లు ఎవరైనా ఇంట్లో ఉంటే, అందులోని కోస్తా మాట మీ పిల్లకు తెలియకపోతే, మీ ఇంటి మాట పెట్టి చదవండి. పుస్తకం శాసనం కాదు. రాజపాళయం తెలుగు తక్కువ తెలుగేమీ కాదు.

మూడోది, బొమ్మలో ఇల్లు ఎవరిది? మన కొట్లలో దొరికే చవక పుస్తకాలు చాలావరకు మంచు కురిసే ఊళ్లు, పొగగొట్టం ఉన్న ఇళ్లు, బంగారు జుట్టు పిల్లలు. అవీ ఉండాలి, లోకం పెద్దదని పిల్లకు తెలియాలి. అయితే వాటితోపాటు తనలాంటి పిల్ల ఉన్న పేజీ ఒక్కటైనా ఉండాలి. ఇది మిల్లుల ఊరు. తల్లులు షిఫ్టుకు వెళ్లే ఊరు. ప్రతి పుస్తకంలోనూ అమ్మ వంటింట్లో, నాన్న పేపరు చేత్తో ఉంటే ఆ ఇళ్ల పిల్లలకు తమ అమ్మ ఎక్కడా కనిపించదు. తులికా వారిదే ‘క్యాచ్ దట్ క్యాట్’ అనే పుస్తకంలో పిల్లి కోసం వెతికే అమ్మాయి చక్రాల కుర్చీలో తిరుగుతుంది. కథ అంతా పిల్లి గురించే. కుర్చీ గురించి ఉపన్యాసం ఉండదు. అలా సహజంగా ఉండాలి.

నాలుగోది, చివరి పేజీ చూడండి. ‘కాబట్టి పిల్లలూ’ అని మొదలయ్యే వాక్యం ఉంటే ఆ పుస్తకాన్ని అనుమానించండి. మనకు శతకాలున్నాయి, పంచతంత్రం ఉంది, నీతికి కొరత లేదు. మూడేళ్ల పిల్లకు నీతి కథలోంచి తనంతట తాను ఊరాలి. భావ్‌నగర్‌లో బాలమందిరం నడిపిన గిజుభాయి బధేకా ‘పగటి కల’లో తరగతిని దారికి తెచ్చుకోవడానికి ఉపాధ్యాయుడు ముందుగా పట్టిన ఆయుధం కథ. ఉపదేశం తర్వాత కూడా రాదు. అలాగే కాస్త భయం ఉన్న కథను చూసి మీరు భయపడకండి. ఒళ్లో కూర్చుని భయపడటం పిల్లలకు ఇష్టం. భయం తీరి ఇల్లు చేరే దారి కథలో ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలు.

అయిదోది, పుస్తకం ఒళ్లు. బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు పిల్ల కథను ఏ ప్రచురణకర్తా తీసుకోకపోతే 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేసుకుంది. మరుసటి ఏడాది పెద్ద సంస్థ వేసినప్పుడూ పసిచేతుల్లో పట్టే చిన్న సైజునే నిలబెట్టింది. సైజు కూడా కథలో భాగమే అన్నమాట. ఒంటరిగా చూసుకునే పుస్తకం చిన్నది కావాలి, బాలబడిలో పదిమందికి చూపే పుస్తకం పెద్దది కావాలి. పళ్లొస్తున్న బిడ్డకు అట్టపేజీల పుస్తకం, కొసలు గుండ్రంగా కోసింది. పెద్ద పిల్లకు మామూలు కాగితం, నడుమ పిన్ను బయటికి పొడుచుకు రాకుండా ఉండాలి. ఈ విషయాలు మీకు నేను చెప్పాలా? దేశానికి క్యాలెండర్లు అచ్చువేసే శివకాశి మీకు గంట దూరం. ఎనిమిదికో పదహారుకో భాగించబడే పేజీల లెక్క, అందువల్లే చాలా బొమ్మల పుస్తకాలకు ముప్ఫై రెండు పేజీలు ఉంటాయన్న సంగతి, ఈ ప్రాంతంలో అచ్చుపని తెలిసిన కుర్రవాణ్ణి అడిగినా చెబుతాడు.

ఆఖరిది, పుస్తకం మళ్లీ మళ్లీ చదివినా తట్టుకోవాలి. మంచి పుస్తకాన్ని పిల్ల వారం రోజులూ అదే చదవమంటుంది. పెద్దవాళ్లకు రెండో రోజుకే విసుగొస్తే ఆ పుస్తకం చదువు సాగదు. కాబట్టి కొనేవాళ్లకు కూడా నచ్చే పుస్తకమే కొనండి. బొమ్మలో ఒక మూల పిల్లిపిల్ల, ఒక కిటికీలో ఎవరిదో చెయ్యి, రోజుకొకటి కొత్తగా దొరికేలా ఉండాలి.

వయసు సంగతి

పుట్టిన బిడ్డ చూపు జానెడు దూరం దాటి స్పష్టంగా ఆనదు. నలుపు తెలుపుల గట్టి గీతలు బాగా పట్టుకుంటుంది. కాబట్టి మొదటి నెలల్లో ఒక ముగ్గు గీత చాలు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా పేజీకి ఒకే వస్తువు: పాలచెంబు, కాకి, చెప్పు. ఆ వయసులో పుస్తకం నోట్లో పెట్టుకుంటారు, చింపుతారు. చింపనీయండి. బీరువాలో దాచిన పుస్తకం ఎవరికీ నేర్పదు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా చేతల పుస్తకాలు కావాలి: పడటం, దాక్కోవడం, తినడం, ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే కథలు. మూడు దాటాక నక్క వెంటపడే కథలు, మాట ఒకటి, బొమ్మ మరొకటి చెప్పేవి. అయిదు దాటాక ఒకే విడతలో ముగియని కథలు కూడా పట్టుకుంటారు. ఈ గీతలు రాతిమీద గీసినవి కావు. అక్కకు చదువుతుంటే తమ్ముడు పక్కన దూరితే దూరనీయండి.

అక్షరాల పుస్తకాలు, ‘ఏ ఫర్ యాపిల్’ చార్టులు బొమ్మల పుస్తకాల లెక్కలోకి రావు. అవి గోడకు బాగుంటాయి. పిల్ల వాటిని చూసి పేర్లు అప్పజెబుతుంది, కథ అడగదు. ఫోనులో కదిలే కథల సంగతీ అంతే. బొమ్మ తనే కదిలి, తనే మాట్లాడితే పిల్లకూ అవ్వకూ చేయడానికి పని మిగలదు.

ఎక్కడ దొరుకుతాయి

ఈ విషయంలో ముప్ఫై ఏళ్ల కిందటి కంటే మన కాలం మేలు. అంతకు ముందు రష్యా పుస్తకాలు ఉండేవి. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు వంటివారు తెలుగు చేసినవి విశాలాంధ్ర కొట్లలో, తమిళం చేసినవి న్యూ సెంచురీ బుక్ హౌస్ కొట్లలో చవగ్గా దొరికేవి. చిత్రకారుడు రచ్యోవ్ వేసిన, పల్లెటూరి బట్టలు తొడుక్కున్న ఎలుగుబంట్లను చూసి ఎన్ని ఇళ్లలో పిల్లలు నవ్వారో. 1991 తర్వాత ఆ ఓడ రావడం ఆగిపోయింది. వాటిలో కొన్నింటిని సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ మళ్లీ అచ్చువేసింది. పిల్లల పుస్తకాలనే పనిగా పెట్టుకున్న సంస్థ అది. తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉన్న పుస్తకాలు కూడా వేస్తోంది.

1957లో పుట్టిన నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం పేర చాలా భాషల్లో ఒకే బొమ్మలతో చవక పుస్తకాలు తెచ్చింది. మిక్కీ పటేల్ వేసిన ‘రూపా ఏనుగు’ ఇప్పటికీ చూడదగ్గది. 1996లో చెన్నైలో మొదలైన తులికా ఒకే పుస్తకాన్ని తెలుగు, తమిళం సహా తొమ్మిది భాషల్లో తెస్తుంది. ఇంగ్లీషుతో జోడించిన ద్విభాషా పుస్తకాలు కూడా ఉన్నాయి. ఈ ఊరికి నా సలహా: ఒకే కథ తమిళ ప్రతి ఒకటి, తెలుగు ప్రతి ఒకటి తెప్పించుకోండి. బడికెళ్లే పిల్ల తమిళ అక్షరంతో కథ పట్టుకుంటే, అదే బొమ్మ కింద ఉన్న తెలుగు అక్షరం కూడా మెల్లగా పరిచయమవుతుంది.

డబ్బు పెట్టలేనివాళ్లకు కూడా దారి ఉంది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అనే ఉచిత ఆన్‌లైన్ కథల భాండాగారం తెరిచింది. తెలుగు, తమిళ కథలు రెండూ ఉంటాయి, కష్టాన్నిబట్టి మెట్లుగా విడదీసి ఉంటాయి. రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచితే చాలు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, తమ మాటలోకి మార్చుకోవచ్చు. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. బొమ్మలు వాళ్లవి, కథ కింద రాజపాళయం తెలుగు మీది. తెలుగు అక్షరం రానివాళ్లు తమిళ అక్షరాలతోనే తెలుగు రాసుకోవచ్చు. తమిళంలో క, గ లకు ఒకే అక్షరం అయినా, మాట తెలిసిన నోటికి ఏది పలకాలో తెలుస్తుంది.

ఈ ఊరు చేయగల పని

కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చిన కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా 1976లో వెలువరించారు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. జీవితమంతా పల్లెల్లో తిరిగి ముసలివాళ్ల నోటి కథలు పోగుచేశారు. 2021లో పోయారు. ఆయన చేసిన పని ఇక్కడ ఇంకా మిగిలి ఉంది. ఈ ఊరి అవ్వల నోట ఉన్న తెలుగు కథలు పుస్తకాల్లోకి ఎక్కాలి. ఫోనులో గొంతు రికార్డు చేయడం ఇవాళ పిల్లాటతో సమానం.

బొమ్మలకు సరుకు కూడా మీ గుమ్మంలోనే ఉంది. సంజీవి కొండ ఉంది. దేశమంతా పేరు మోసిన తెల్లటి రాజపాళయం కుక్క ఉంది. పడమటి కనుమల అంచున, 1988లో అభయారణ్యంగా ప్రకటించిన అడవిలో, చెట్ల కొమ్మల మీదే కాపురం చేసే బూడిద రంగు పెద్ద ఉడుత ఉంది. 2021 నుంచి ఆ అడవి శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల సంరక్షణ కేంద్రంలో భాగం. ఆకాశంలో గూడు కట్టుకుని నేల మీద కాలు పెట్టడానికి ఇష్టపడని ఉడుత కంటే మంచి కథానాయకుడు పిల్లలకు ఎక్కడ దొరుకుతాడు?

గ్రంథాలయం మాట చెప్పి ముగిస్తాను. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన సూత్రాల్లో ఒకటి, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలని. ఆయన పట్టుదల వల్ల 1948లో మద్రాసు రాష్ట్రం ప్రజా గ్రంథాలయాల చట్టం చేసింది. అది 1950లో అమలుకు వచ్చినప్పుడు రాష్ట్రాన్ని పాలిస్తున్నది మీ ఊరి పూసపాటి సంజీవి కుమారస్వామిరాజా. ఆ చట్టం వల్లే ఇవాళ్టికీ మన ఇంటి పన్నుతో గ్రంథాలయ పన్ను కలిపి కడుతున్నాం. పన్ను కట్టేవాళ్లు పసిపిల్లల పుస్తకాలు అడగవచ్చు. అడిగితేనే అరలోకి వస్తాయి.

కాబట్టి మూడు పనులు కోరుతున్నాను. ఊరి గ్రంథాలయంలో పిల్లలకు అందే ఎత్తులో ఒక అర, అందులో ఒకే కథ తమిళంలోనూ తెలుగులోనూ ఉండేలా పక్కపక్కన. ఇంటి పెద్దల నోటి కథలను ఈ ఏడాదే గొంతుతో భద్రపరచడం. ఈ ధర్మనిధి వడ్డీతో ఏటా ఉపన్యాసం పెట్టించే బదులు ఒక ఏడాది ఉపన్యాసం, మరో ఏడాది ఒక బొమ్మల పుస్తకం. కథ ఈ ఊరిది, బొమ్మలు ఈ ప్రాంతపు చిత్రకారులవి, అచ్చు శివకాశిది, అక్షరం రెండు లిపులదీ. ఉపన్యాసం చేసేవాళ్లకు కొంచెం నష్టమే, నాతో సహా. పిల్లలకు లాభం కనక ఒప్పుకోవాలి.

అది జరిగేలోగా ఇంటికెళ్లి, పిల్ల దగ్గరున్న ఏ బొమ్మల పుస్తకమైనా తీసి అవ్వ చేతికో తాత చేతికో ఇవ్వండి. ‘చదవడం రాదు’ అంటే ‘చూసి చెప్పండి’ అనండి.